చంపేవాడి ముఖం యాదికొచ్చిన క్షణం: 'లా జెతే' ముగింపును మోత్కూర్ నుంచి చూస్తే

మోత్కూర్‌లో మా వాడ కమ్యూనిటీ హాలు గోడకు తెల్ల దుప్పటి కట్టి, అడిగి తెచ్చుకున్న ప్రొజెక్టర్‌తో ఒక ఫ్రెంచ్ సినిమా వేశాం. డిగ్రీ చదివే పిల్లలు, కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు, ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు కలిపి పాతిక మంది దాకా ఉంటారు. సినిమా నిడివి 28 నిమిషాలే. నేను ఆపి ఆపి తెలుగులో చెప్పడంతో గంట పట్టింది.

సినిమా అయిపోయాక ఎవరూ లేవలేదు. 'అయిపోయిందా?' అని ఒక పిల్లవాడు అడిగాడు. ఆ తర్వాత మొదలైన మాటలు రాత్రి పది దాటే వరకు సాగాయి. గొడవంతా ముగింపు మీదే. వాడు ఎందుకు చచ్చిపోయాడు? తప్పించుకునే దారి ఉండి కూడా ఎందుకు వదులుకున్నాడు? చిన్నప్పుడు చూసిన చావు తనదే ఎలా అవుతుంది?

ఆ రాత్రి మేం మాట్లాడుకున్నది ఒక వరసలో పెట్టే ప్రయత్నం ఇది. ప్రపంచమంతా అరవై ఏళ్లుగా చర్చిస్తున్న ఈ ముగింపులో మన వాడలకు పనికొచ్చే విషయం ఒకటి ఉంది. అది మా హాల్లో సినిమా పండితులకు కాక, ఒక ముసలమ్మకు తట్టింది.

సినిమా ఏమిటి, కథ ఏమిటి

'లా జెతే' 1962లో క్రిస్ మార్కర్ తీసిన ప్రయోగాత్మక లఘుచిత్రం. నలుపు తెలుపు. దాదాపు మొత్తం సినిమా కదలని ఫోటోలతోనే నడుస్తుంది. ఒక్కో ఫోటో వస్తుంది, కొద్దిసేపు నిలుస్తుంది, పోతుంది. పాత్రలు మాట్లాడవు. ఒక వ్యాఖ్యాత గొంతు కథంతా చెబుతుంది. 1963లో దీనికి ఫ్రాన్స్‌లో జాఁ విగో బహుమతి వచ్చింది. 1995లో హాలీవుడ్‌లో వచ్చిన 'ట్వెల్వ్ మంకీస్'కు మూలం ఇదే.

పేరులోని జెతే అంటే పారిస్ దగ్గరి ఓర్లీ విమానాశ్రయంలో, వచ్చిపోయే విమానాలను జనం నిలబడి చూసే పొడవాటి డాబా. ఒక ఆదివారం అమ్మానాన్నలు ఒక పిల్లవాడిని అక్కడికి తీసుకెళ్తారు. డాబా చివర ఒక స్త్రీ ముఖం వాడికి కనిపిస్తుంది. హఠాత్తుగా పెద్ద శబ్దం. ఆ స్త్రీ ఉలికిపాటు. ఒక మనిషి కూలిపోవడం. జనం అరుపులు. తాను చూసింది ఒక మనిషి చావు అని వాడికి చాలా కాలం తర్వాత గాని అర్థం కాదు.

తర్వాత మూడో ప్రపంచ యుద్ధం వస్తుంది. పారిస్ నాశనమవుతుంది. మిగిలినవాళ్లు నేల కింది సొరంగాల్లో బతుకుతుంటారు. అక్కడ గెలిచినవాళ్లు ఉన్నారు, వాళ్ల చేతిలో ఖైదీలు ఉన్నారు. పైన నేల మీద తిండి లేదు, మందులు లేవు, ఇంధనం లేదు. గెలిచినవాళ్లు ఖైదీల మీద ప్రయోగాలు మొదలుపెడతారు. మనిషిని కాలంలో వెనక్కి, ముందుకు పంపి వర్తమానానికి సాయం తేవాలని వాళ్ల ఆలోచన. చాలామంది ఖైదీలు చచ్చిపోతారు, పిచ్చివాళ్లవుతారు. చివరికి ఒకడిని ఎంచుకుంటారు. వాడు ఆ డాబా మీది పిల్లవాడే. ఎందుకు ఎంచుకున్నారంటే వాడి మనసులో చిన్ననాటి దృశ్యం ఒకటి గట్టిగా నిలిచిపోయింది. అంత బలమైన యాది ఉన్నవాడైతే కాలంలో వెనక్కి పంపినా తట్టుకుంటాడని లెక్క.

వాడు గతంలోకి వెళ్తాడు. ఆ స్త్రీని కలుస్తాడు. పార్కులో నడుస్తారు, చచ్చిన జంతువులకు ప్రాణమున్నట్టు నిలబెట్టిన మ్యూజియంలో తిరుగుతారు. అంతలో పని మారుతుంది. ఈసారి వాడిని భవిష్యత్తులోకి పంపుతారు. భవిష్యత్తు మనుషులు వాడికి ఒక శక్తి వనరు ఇస్తారు, దానితో పరిశ్రమలన్నీ మళ్లీ నడుస్తాయి. ఖైదీతో గెలిచినవాళ్ల పని అంతటితో అయిపోయింది. ఇక చంపేస్తారని వాడికి తెలుసు.

ఆఖరి రెండు నిమిషాలు

చావు కోసం ఎదురుచూస్తున్న వాడి దగ్గరికి భవిష్యత్తు మనుషులు వస్తారు. మాతో వచ్చేయమంటారు. వాడు వద్దంటాడు. తన చిన్ననాటి లోకానికి, ఆ స్త్రీ దగ్గరికి పంపమని అడుగుతాడు. పంపుతారు.

మళ్లీ ఆ ఆదివారం, ఆ డాబా. ఇక్కడే ఎక్కడో చిన్నప్పటి తాను కూడా నిలబడి ఉండాలని వాడికి ఒక్క క్షణం తోస్తుంది. చివరన ఆ స్త్రీ కనిపిస్తుంది. ఆమె వైపు పరుగెత్తుతాడు. దగ్గరికి వెళ్తుండగా మరో మనిషి కంటపడతాడు. సొరంగంలోని శిబిరం నుంచి తనను వెంటాడుతూ వచ్చినవాడు. కాలం నుంచి తప్పించుకునే దారి లేదని, చిన్నప్పుడు తాను చూసిన చావు తనదేనని అప్పుడు అర్థమవుతుంది. కూలిపోతాడు. సినిమా అయిపోతుంది.

ముగింపుకు చెప్పే అర్థాలు

మొదటి అర్థం విధి. కాలం ఒక చక్రం, జరగాల్సింది ఎలాగూ జరుగుతుంది, మనిషి చేయగలిగింది ఏమీ లేదు. వ్యాఖ్యాత ఆఖరి మాటలు కూడా దీనికే ఊతమిస్తాయి. ఎక్కువమంది చెప్పేది ఇదే.

రెండో అర్థం గతం మీద మోహం. ముందుకు పోయే దారి తెరుచుకున్నా వెనక్కే పోతానన్నాడు కాబట్టి చచ్చాడు. మా హాల్లో డిగ్రీ కుర్రాడి వాదన ఇదే: 'అన్నా, గా ముందటి కాలపోళ్లు రమ్మంటే పోతే అయిపోవు గదా? బతికెటోడు.' ఈ మాటకు సినిమాలో ఆధారం ఉంది. ఇద్దరూ నరికిన పెద్ద చెట్టు మొద్దు ముందు నిలబడి కాలం వలయాలను చూసే దృశ్యం హిచ్‌కాక్ 1958లో తీసిన 'వర్టిగో'ను గుర్తుచేస్తుంది. పోయిన మనిషిని మళ్లీ తెచ్చుకోవాలనే పిచ్చి ఎక్కడికి తీసుకెళ్తుందో చెప్పిన సినిమా అది.

మూడో అర్థం రాజకీయం. మార్కర్ కాలం చక్రాల గురించి ఊరికే కలలుగన్న మనిషి కాదు. 1953లో అలెఁ రెనేతో కలిసి వలస పాలన ఆఫ్రికా కళను ఎలా చంపిందో సినిమా తీశాడు. దాన్ని ఫ్రాన్స్ ప్రభుత్వం ఏళ్ల తరబడి అడ్డుకుంది. నాజీ శిబిరాల మీద రెనే 1956లో తీసిన 'నైట్ అండ్ ఫాగ్'కు కూడా పనిచేశాడు. 'లా జెతే' శిబిరంలో ప్రయోగాలు చేసేవాళ్లు గుసగుసలాడేది జర్మన్ భాషలో. సినిమా వచ్చిన 1962లోనే అల్జీరియా యుద్ధం ముగిసింది. అంతకు ముందటి ఏడాది అక్టోబర్ 17న పారిస్ నడిబొడ్డున పోలీసులు అల్జీరియన్లను చంపారు, ఆ విషయాన్ని చాలా కాలం బయటికి రానివ్వలేదు. శిబిరాలు, చిత్రహింసలు, మరుగుపరచిన హత్యలు ఆ కాలపు వాస్తవం.

అలా చూస్తే ఖైదీ యాది శిబిరానికి ఒక ముడిసరుకు. వాళ్లకు వాడు అక్కర్లేదు, వాడి జ్ఞాపకశక్తి కావాలి. వాడుకున్నారు, పని అయ్యాక చంపారు. వెట్టి చేయించుకున్న గడీల జిల్లాలో పుట్టినవాళ్లకు దీన్ని వేరే విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ఒంట్లో సత్తువ ఉన్నంత వరకు పిలుపు, తర్వాత గెంటివేత.

మొదటి యాదిలో లేని మనిషి

ఈ మూడు అర్థాల మీద వాదన సాగుతుండగా, వరసకు నాకు పెద్దమ్మయ్యే ఒకామె అంది: 'వాడు సచ్చిండు, గది వేరే. గని సంపెటోని మొకం గుర్తువట్టిండు సూడు. సిన్నప్పటి యాదిల వాడు లేకుండె గదా.'

మళ్లీ మొదటి నుంచి వేసి చూశాం. ఆమె చెప్పింది నిజమే. చిన్ననాటి దృశ్యంలో స్త్రీ ముఖం ఉంది, శబ్దం ఉంది, కూలిపోయే ఒళ్లు ఉంది, జనం అరుపులు ఉన్నాయి. చంపినవాడు లేడు. పిల్లవాడి యాదిలో ఆ ఒక్క చోటు ఖాళీ. సినిమా మొత్తం ఆ ఖాళీ చుట్టూ తిరుగుతుంది. ఆఖరి క్షణంలో అక్కడ ఒక మనిషి వచ్చి నిలబడతాడు. వాడు ఎవరో, ఎక్కడి నుంచి వచ్చాడో, ఎవరు పంపారో మనకు తెలుసు.

విధి అనే అర్థం ఇక్కడ నిలవదు. గొంతు కాలం గురించి చెబుతోంది, ఫోటో మాత్రం ఒక హంతకుడిని చూపిస్తోంది. కాలం ఎవరినీ కాల్చదు. శిబిరం మనిషిని పంపింది, ఆ మనిషి చంపాడు. వ్యాఖ్యాత మాట విని బొమ్మను చూడకపోతే హత్య కాస్తా విధిగా మారిపోతుంది.

మన దేశంలో ఈ పని రెండు వేల ఏళ్లుగా జరుగుతోంది. ఊరి బయట ఎందుకు ఉన్నావంటే కర్మ అన్నారు. డప్పు ఎందుకు కొట్టాలంటే పోయిన జన్మలో చేసుకున్నది అన్నారు. అంబేద్కర్ 'బుద్ధుడు ఆయన ధమ్మం'లో ఈ పూర్వజన్మ కర్మ సిద్ధాంతాన్ని ప్రత్యేకంగా పట్టుకుని తిరస్కరించడానికి కారణం ఉంది. పేదవాడి స్థితికి పేదవాడినే బాధ్యుణ్ణి చేస్తే, సమాజం చేతికి అంటిన మట్టి కనబడకుండా పోతుంది.

నాకూ అలాంటి యాది ఒకటి ఉంది. ఆరేడేళ్ల వయసులో నాయినతో ఒక చాయ్ హోటల్‌కు పోయాను. నాయిన చూరులో చెక్కి ఉన్న గ్లాసు తీసుకున్నాడు, కడిగాడు, పట్టుకున్నాడు. పైనుంచి చాయ్ పోశారు. తాగాక మళ్లీ కడిగి చూరులోనే పెట్టాడు. ఆ గ్లాసు అంచు మీది పగులు కూడా నాకు యాదికుంది. నాయిన చేతి వేళ్లు యాదికున్నాయి. చాయ్ పోసిన మనిషి ముఖం మాత్రం లేదు. ఎన్నో ఏళ్లు ఆ దృశ్యం తలచుకున్నప్పుడల్లా సిగ్గు నాయిన మీదికే పోయేది. 'ఎందుకు అట్ల కడిగినవ్?' అనే ప్రశ్న ఆయన్నే అడిగేవాడిని, మనసులో. గ్లాసు వేరుగా పెట్టినవాడిని అడగాలని తట్టలేదు, ఎందుకంటే నా యాదిలో వాడు లేడు.

అవమానం పనిచేసే తీరే ఇది. దెబ్బతిన్న మనిషి బొమ్మ మిగులుతుంది, కొట్టినవాడు బొమ్మలోంచి తప్పుకుంటాడు.

మసూర్ స్టేషన్‌లో ఒక పిల్లవాడు

డాబా మీది పిల్లవాడిని చూస్తుంటే మరో పిల్లవాడు గుర్తుకొస్తాడు. 1901. తొమ్మిదేళ్ల భీమరావు, పెద్దలెవరూ తోడు లేకుండా ఇంటి పిల్లలతో కలిసి సతారా నుంచి తండ్రి పనిచేసే కోరేగావ్‌కు రైల్లో బయలుదేరాడు. కొత్త బట్టలు, కొత్త చెప్పులు. మసూర్ స్టేషన్‌లో దిగితే తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. మహర్లమని చెప్పగానే స్టేషన్ మాస్టర్ ముఖం మారిపోయింది. బండివాళ్లు ఎక్కించుకోమన్నారు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు, అదీ పిల్లలే బండి తోలుకోవాలి, తాను పక్కన నడుస్తానని. దగ్గర తిండి ఉంది, తాగడానికి నీళ్లు ఎవరూ ఇవ్వలేదు. రాత్రంతా ఆకలితోనే గడిచింది.

ఈ సంగతులను అంబేద్కర్ తర్వాత 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాశారు. ఆ రాత ఆయన పోయాక 1990లో చిన్న పుస్తకంగా వచ్చింది. అందులో గమనించాల్సింది ఆయన చూపు. దాహం మాత్రమే రాసి ఊరుకోలేదు. స్టేషన్ మాస్టర్ ఏం చేశాడు, బండివాడు ఏ షరతు పెట్టాడు, నీళ్లు ఎవరు లేవన్నారు అన్నీ వరసగా రాశారు. పిల్లవాడి యాదిలోకి పెద్దవాడైన మనిషి తిరిగి వెళ్లి, ఖాళీ ఉన్న చోట మనుషులను నిలబెట్టారు.

'లా జెతే' ఖైదీకీ అంబేద్కర్‌కూ ఉన్న తేడా ఇక్కడ తెలుస్తుంది. ఇద్దరూ గతంలోకి వెళ్లారు. ఖైదీ అక్కడ బతకడానికి వెళ్లాడు, ఒంటరిగా, తనకోసం. చంపేవాడి ముఖం గుర్తుపట్టాడు గాని ఎవరికీ చెప్పలేకపోయాడు. సినిమా అంతా వాడి కథను వేరేవాడి గొంతు చెబుతుంది, వాడి నోట మనకు ఒక్క మాట కూడా వినబడదు. అంబేద్కర్ తన కథ తానే చెప్పారు, నలుగురి ముందు పెట్టారు. అలా ఆ యాది సాక్ష్యం అయింది.

కోర్టు అడిగే యాది

ఇది సినిమా ముచ్చటతో ఆగిపోయేది కాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. వాళ్లను ఊరి నడుమ పాతిపెట్టిన చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. ఘటన జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. పదహారేళ్లకు, 2007 జూలై 31న, ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. చంపింది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నది రుజువు కాలేదన్నది అందులో ముఖ్యమైన మాట.

ఎనిమిది మంది చనిపోయారన్నది ఎవరూ కాదనలేదు. చావు ఉంది, సమాధులు ఉన్నాయి, ఏడుపులు ఉన్నాయి. కోర్టు కాగితం మీద చంపినవాళ్లు మాత్రం లేరు. డాబా మీది పిల్లవాడి యాదిలో ఉన్న ఖాళీనే మళ్లీ చూస్తున్నాం. ఈసారి ఆ ఖాళీని వ్యవస్థ తయారుచేసింది.

ప్రాణాల కోసం పరుగెత్తుతున్నవాడు గడియారం చూడడు. ఎవరి చేతిలో గొడ్డలి ఉంది, ఎవరి చేతిలో బరిసె ఉంది అని పట్టిక రాసుకోడు. పదేళ్ల తర్వాత బోనులో నిలబెట్టి నిమిషాలు అడిగితే తడబడతాడు. ఆ తడబాటును అబద్ధం అంటారు. అందుకే యాదిని తొందరగా, మన చేతులతో నమోదు చేసుకోవడం అవసరం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణతో 15ఎ సెక్షన్ వచ్చింది. బాధితులకు, సాక్షులకు రక్షణ, ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వడం, విచారణను వీడియో తీయడం ఇందులో ఉన్నాయి. ఇవి దయతో ఇచ్చేవి కావు, అడిగి తీసుకోవాల్సిన హక్కులు.

కళ్లు తెరిచిన స్త్రీ

'లా జెతే'లో ఒకే ఒక్క చోట బొమ్మ కదులుతుంది. ఆ స్త్రీ పడుకుని ఉంటుంది. ఫోటో తర్వాత ఫోటో. ఉన్నట్టుండి ఆమె కళ్లు తెరుస్తుంది, రెప్పలాడిస్తుంది, మన వైపు చూస్తుంది. కొన్ని సెకన్లే. తర్వాత మళ్లీ కదలని ఫోటోలు.

సినిమాలో ఆమెకు పేరు లేదు, మాట లేదు. ఆమెకు ఏం యాదికుందో ఎవరూ అడగరు. ఇది ఈ సినిమాలో లోటే. అయినా ముగింపు చూశాక ఆ కదిలిన కళ్లకు కొత్త అర్థం వస్తుంది. డాబా మీద మనిషి చచ్చినప్పుడు ఆమె అక్కడే ఉంది. పిల్లవాడూ అక్కడే ఉన్నాడు. వాడు చచ్చినా, చూసినవాళ్లు బతికే ఉన్నారు.

2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ను గర్భవతి అయిన భార్య కళ్లముందే నరికి చంపారు. సీసీ కెమెరాలో పడిన ఆ కొన్ని సెకన్లను టీవీలు, ఫోన్లు తిప్పి తిప్పి చూపించాయి. మా మోత్కూర్‌లో చిన్న పిల్లలు కూడా చూశారు. కులం దాటి ప్రేమిస్తే ఇదీ గతి అని బెదిరించడానికి ఆ వీడియోను వాడినవాళ్లు ఉన్నారు. శిబిరం ఖైదీ యాదిని వాడుకున్నట్టే, మన చావు బొమ్మను మన మీదికే ఆయుధంగా తిప్పారు.

అదే ఘటన కోర్టులో మరోలా నిలిచింది. ఆరున్నరేళ్ల తర్వాత, 2025 మార్చి 10న, నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ప్రధాన నిందితుడు అంతకు ముందే, 2020లో చనిపోయాడు. టీవీలో పడిపోయే మనిషి మాత్రమే కనబడ్డాడు. తీర్పులో నరికినవాడు, నరికించినవాళ్లు కనబడ్డారు.

మిగిలే పని

ఆ రాత్రి హాలు తాళం వేసేటప్పుడు డిగ్రీ కుర్రాడు మళ్లీ అడిగాడు, 'మరి వాడు వెనక్కి పోవుడు తప్పా, ఒప్పా అన్నా?' నాకు తోచింది చెప్పాను. వెనక్కి పోవడం తప్పు కాదు. ఒక్కడే పోవడం, చూసింది చెప్పకుండా పోవడం వాడి ఓటమి.

వాడల్లో అరవై, డెబ్బై ఏళ్లు దాటినవాళ్లు ఇంకా ఉన్నారు. వెట్టి చూసినవాళ్లు, చూరు గ్లాసులో చాయ్ తాగినవాళ్లు, బావి దగ్గర దూరం జరిగినవాళ్లు. వాళ్లు యాది చేసుకున్నప్పుడు బాధ చెబుతారు, పేర్లు చెప్పరు. ఆ పేర్లు ఇప్పటికీ ఊళ్లో పెద్దరికం చేస్తున్న ఇళ్లవి కావచ్చు, మనకు కూలి ఇచ్చే ఇళ్లవి కావచ్చు. అందుకే ఒక్కొక్కరుగా కాక, కూర్చుని, కలిసి, తేదీ వేసి, రాసిపెట్టుకోవాలి. ఫోన్‌లో రికార్డు చేసినా చాలు. దాన్ని ఎవరికి ఎప్పుడు వినిపించాలో చెప్పినవాళ్లే తేల్చుకోవాలి.

మరుసటి ఆదివారం పెద్దమ్మ దగ్గరికి పోయి ఫోన్ ముందు పెట్టాను. చాలాసేపు మౌనంగా కూర్చుంది. తర్వాత, 'ముందుగాల వాని పేరు రాస్కో' అంది.